కొంగ కథకు ముందున్న దర్జీ

ఎండిపోతున్న చెరువులో చేపలను నమ్మించి, ఒక్కొక్కదాన్నీ ముక్కున కరుచుకుపోయి మింగిన కొంగ కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. చివరికి ఎండ్రకాయ పట్టుకు దాని మెడ తెగుతుంది. పంచతంత్రం కథ అంటాం. బుద్ధుడి పూర్వజన్మ కథలైన పాలి జాతకాల్లో ఇది 38వది, బక జాతకం. అక్కడ మాత్రం కథ కొంగతో మొదలుకాదు. బుద్ధుడుండే జేతవన విహారంలో చీవరాలు కుట్టే ఒక భిక్షువుతో మొదలవుతుంది.

ఆయన పాత పేలికలను అతికి కుట్టి, రంగులో ముంచి, గంజిపెట్టి, శంఖంతో రుద్ది నిగనిగలాడించేవాడు. కొత్త గుడ్డ పట్టుకొచ్చిన భిక్షువులకు దాన్ని అంటగట్టి, వాళ్ల గుడ్డ తాను ఉంచుకునేవాడు. వేణ్ణీళ్లలో ఉతికితే అతుకులన్నీ బయటపడేవి. ఈ విద్యే నేర్చిన పల్లెటూరి భిక్షువొకడు చివరికి ఈ ఘనుణ్ణే బోల్తా కొట్టించాడు. ఆ కబురు విని బుద్ధుడు చెప్పినదే కొంగ కథ. ఆనాటి కొంగ జేతవనం దర్జీ, ఎండ్రకాయ పల్లెటూరి భిక్షువు. బోధిసత్వుడు, అంటే ఆ జన్మలోని బుద్ధుడు, కొలను పక్కన చెట్టు మీద ఉండి అంతా చూసిన దేవత.

పాలి సంకలనంలోని 547 జాతకాలకూ ఉన్న కట్టుబడి ఇదే: ముందు బుద్ధుడి కాలపు సంగతి, తర్వాత పూర్వజన్మ కథ, చివర ఎవరు ఎవరో చెప్పడం. తిరిగి చెప్పినవాళ్లు తరచుగా వదిలేసింది ఆ మొదటి ముక్కనే.

అమరావతి శిల్పులకు రాతిలో అంత చోటు లేదు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న ఛద్దంత జాతకం ఫలకంలో గుండ్రటి అంచు లోపలే ఏనుగుల మంద, పొంచి ఉన్న వేటగాడు, దంతాలు కోసుకోమని వంగిన గజరాజు కనిపిస్తాయి. ఒకే ఏనుగు ఒకే రాయి మీద పదేపదే కనబడుతుంది, చూసేవాడే కథను కలుపుకోవాలి. ఇంత ఘోరానికీ మూలం చిన్న అలక. సాల వృక్షాన్ని గజరాజు కదిలించినప్పుడు ఒక భార్య మీద పూలు, రెండో భార్య మీద ఎండుటాకులూ చీమలూ రాలాయి. రెండో ఆమె మరుజన్మలో కాశీరాణి అయి వేటగాణ్ణి పంపింది. తీరా దంతాలు చేతికొచ్చాక గుండె పగిలి చనిపోయింది. ఆ రాణి వైపు నుంచి చెబితే ఇదే కథ ఇంకో నవల అవుతుంది.

కావ్యంలోకి వచ్చేసరికి బుద్ధుడే కనిపించడు. 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యం చేశాడు. ఆయన ఇంటిపేరైన దూబగుంట నెల్లూరు జిల్లాలో ఉంది. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చాక జంతువుల కథలు బడి పాఠమయ్యాయి.

బోధిసత్వుణ్ణి ఇంటింటికీ మళ్లీ తెచ్చింది చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా నడిపించిన కలం కొడవటిగంటి కుటుంబరావుది. మార్క్సిస్టు చేతి మీదుగా బుద్ధుడి పూర్వజన్మలు పిల్లలకు చేరడం తెలుగు పత్రికా చరిత్రలో ఒక ముచ్చట. అయితే ఆ కథలూ సాధారణంగా కాశీలో బ్రహ్మదత్తుడి ఏలుబడితోనే మొదలయ్యేవి. జేతవనం గొడవలు పిల్లలకెందుకని అనుకొని ఉండాలి.

ఇప్పుడు గూడూరు లాంటి ఊరి నుంచి ఈ కథలను కొత్తగా చెప్పాలంటే, కొంగ బదులు గూడబాతును పెట్టడం అందరికీ ముందు తట్టే ఉపాయం. అది అతకదు. నాయుడుపేట దాటాక వచ్చే నేలపట్టులో గూడబాతులు ఊరికి చుట్టాలు. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. అక్కడ పక్షి దొంగ అంటే ఎవరూ నమ్మరు.

నంది విశాల జాతకం నయం. నూరు బండ్లు లాగుతుందని వెయ్యి పందెం కాసిన బ్రాహ్మణుడు తీరా ఎద్దును తిట్టాడు, అది కదలలేదు. మంచిమాటతో రెండు వేలు గెలిచాడు. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెట్టే ఊళ్లకు ఇది చేరువ కథ. చర్నాకోల దెబ్బల మధ్య ఎద్దు ఏమనుకుంటోందో రాయవచ్చు.

ఇంకా బలమైనది దర్జీ కథే. గూడూరు నుంచి రేణిగుంట పోయే రైలుదారిలోనే చేనేత చీరల వెంకటగిరి ఉంది. మరమగ్గం గుడ్డను చేనేతగా అమ్మేస్తున్నారన్నది నేతగాళ్ల పాత ఫిర్యాదు. దాన్ని బక జాతకంలో పెడితే చిక్కంతా ఎండ్రకాయ దగ్గరే. ముందుకథ తీసేస్తే అది వీరుడు, ఉంచితే అదీ ఇంకో మోసగాడు. ఆ పాత్ర నేతగాడికిస్తే పంచతంత్రం, మరో దళారికిస్తే జాతకం. చీర కొని మోసపోయినవాళ్లు ఎలాగూ చేపలే. చెట్టు మీద కూర్చుని చూసిందెవరో కూడా రాసేవాళ్లు తేల్చుకోవాలి.