హైదరాబాద్ ఒక దేశమేనా? ప్యారిస్‌లో ఫిర్యాదు, లండన్‌లో బ్యాంకు ఖాతా

ఈ ఎపిసోడ్ ఒక టీ కొట్టు దగ్గర పుట్టింది. నాతోపాటు పాత ఆఫీసులో కోడ్ రాసిన ఫ్రెండ్ ఒకడు అడిగాడు: "అంతర్జాతీయ చట్టం, అంతర్జాతీయ చట్టం అంటావు. దానికి పోలీసు లేడు, జైలు లేదు. మాట వినకపోతే ఏమీ చేయలేనిదాన్ని చట్టం అని ఎందుకంటార్రా?"

వాడికి తెలియకుండానే వాడు జాన్ ఆస్టిన్ మాట మాట్లాడుతున్నాడు. ఈ ఇంగ్లిష్ న్యాయశాస్త్రవేత్త 1832లో అచ్చేసిన పుస్తకంలో, చట్టమంటే పైవాడి ఆజ్ఞ, వినకపోతే శిక్ష అన్నాడు. దేశాలకి పైవాడు ఎవడూ లేడు కాబట్టి వాటి మధ్య నడిచేది అసలు చట్టమే కాదు, ఒక రకమైన నీతి మాత్రమే అని తేల్చేశాడు. దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఈ వాదన నడుస్తూనే ఉంది. నేను సిద్ధాంతంతో జవాబు చెప్పను. మన హైదరాబాద్ కేసు చెప్తాను.

1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఒక కేబుల్ పంపింది. భారత్ మమ్మల్ని బెదిరిస్తోంది, దిగ్బంధం చేస్తోంది, దాడి చేసేలా ఉంది, జోక్యం చేసుకోండి అని. ఐరాస ఛార్టర్‌లో 35వ ఆర్టికల్ రెండో క్లాజు ఉంది. సభ్యత్వం లేని దేశం కూడా తన వివాదాన్ని మండలి ముందుకు తేవచ్చు అంటుంది. అందులో అసలు చిక్కు "దేశం" అనే మాట దగ్గరే ఉంది. లాగిన్ స్క్రీన్ అనుకోండి. నీ కష్టం ఎంత పెద్దదైనా, ముందు నువ్వు యూజర్‌వో కాదో తేలాలి.

మరి హైదరాబాద్ దేశమా? 1933లో మాంటెవిడియోలో అమెరికా ఖండాల దేశాలు కొన్ని కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. స్థిరమైన జనాభా, ఫలానా అని చెప్పగలిగే భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు పెట్టుకోగల సామర్థ్యం. ఈ నాలుగూ ఉంటే దేశం. నిజాం రాజ్యంలో కోటీ అరవై లక్షల పైచిలుకు జనం ఉన్నారు. సొంత రైలు, సొంత తపాలా, ఉస్మానియా సిక్కా అనే సొంత నాణెం ఉన్నాయి. మొదటి మూడింటికీ టిక్కు పెట్టేయొచ్చు. చిక్కంతా నాలుగోదానిలో.

1926లో వైస్రాయ్ రీడింగ్ నిజాంకి ఒక ఉత్తరం రాశాడు. బేరార్ గురించి నిజాం సమాన స్థాయిలో మాట్లాడబోతే, ఇండియాలో బ్రిటిష్ కిరీటానిదే సర్వాధికారం, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానంగా కూర్చుని బేరాలాడలేడు అని మొహం మీదే చెప్పాడు. మరి 1947లో ఆ కిరీటమే వెళ్ళిపోయింది. ఇండియన్ ఇండిపెండెన్స్ యాక్ట్ ఏడో సెక్షన్ సంస్థానాల మీద ఆ అధికారం రద్దయిందని చెప్పింది. నిజాం దీన్ని చదివిన తీరు: నా మీద ఉన్న బరువు పోయింది కాబట్టి నేను స్వతంత్రుణ్ణి. ఢిల్లీ చదివిన తీరు: నీకు ఎప్పుడూ లేనిది, ఎవరో వెళ్ళిపోయినంత మాత్రాన నీకెలా వస్తుంది? పైగా 1947 నవంబరు 29న నువ్వే యథాతథ ఒప్పందం మీద సంతకం పెట్టావు కదా, విదేశీ వ్యవహారాలు అందులో మా దగ్గరే ఉన్నాయి కదా?

న్యాయశాస్త్రంలో ఇక్కడ రెండు దారులున్నాయి. లక్షణాలు ఉంటే చాలు, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా దేశమే అనేది ఒక దారి. ఇతర దేశాలు గుర్తించినప్పుడే దేశం అనేది రెండోది. మొదటి దారిలో నిజాం లాయర్లకి కొంత పట్టు దొరికింది. రెండో దారిలో ఏమీ దొరకలేదు. నా ఉద్దేశంలో మొదటి దారిలో కూడా వాదన నిలబడడం కష్టమే. కానీ "అసలు వాదనే లేదు" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అంతర్జాతీయ న్యాయ పండితుడు క్లైడ్ ఈగిల్టన్ 1950లో ఒక అమెరికన్ న్యాయ పత్రికలో దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. మండలి ప్యారిస్‌లో సమావేశమైంది సెప్టెంబరు 16న. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున రామస్వామి ముదలియార్. హైదరాబాద్ దేశం కాదు, ఈ ఫిర్యాదు వినే అధికారమే మీకు లేదు అని ముదలియార్ వాదన. 8 ఓట్లతో అంశాన్ని ఎజెండాలో పెట్టారు, ముగ్గురు ఓటు వేయలేదు. అయితే తెలివిగా ఒక మెలిక పెట్టారు: ఎజెండాలో పెట్టడమంటే మాకు అధికారం ఉందని ఒప్పుకున్నట్టు కాదు అని! మర్నాడు, 17న, నిజాం చేతులెత్తేశాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కేబుల్ పంపాడు. అది ఒత్తిడితో పంపిందా, ఇష్టంతో పంపిందా అని మళ్ళీ వాదన. 1949 మేలో పాకిస్తాన్ ప్రతినిధి మాట్లాడాడు. ఏ నిర్ణయమూ లేకుండా ఆ అంశం దశాబ్దాల పాటు మండలి జాబితాలో అలాగే పడి ఉంది.

ఇక్కడ నన్ను ఎప్పుడూ గుచ్చేది ఒకటుంది. మా నాయనమ్మది జనగామ వైపు. "రజాకార్లు వస్తున్నరంటే జొన్న చేన్ల పండుకునేటోళ్ళం బిడ్డా" అనేది. ఫిర్యాదు వెళ్ళిన వారం లోపే, ఆగస్టు 27న, ఆ పక్కనే భైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు ఊరి మీద పడి జనాన్ని చంపారు. సైన్యం వచ్చాక బాధ ఇంకోవైపు తిరిగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదికని చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. ప్యారిస్ గదిలో వీళ్ళెవరికీ కుర్చీ లేదు. 35వ ఆర్టికల్ దేశాల మాట వింటుంది, ఊళ్ళ మాట వినదు. నా ఫ్రెండ్ అడగాల్సిన ప్రశ్న ఇదీ అని నాకనిపిస్తుంది. పోలీసు లేడన్నది తర్వాత.

సరే, పోలీసు లేని చట్టం ఏం చేయగలదో చూద్దాం. అదే సెప్టెంబరు 20న లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాద్ ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహింతులా పేరుకి మారాయి. మార్పించింది ప్యారిస్ వెళ్ళిన మొయిన్ నవాజ్ జంగే. వారానికే నిజాం, నా అనుమతి లేదు, డబ్బు వెనక్కివ్వండి అన్నాడు. బ్యాంకు ఇవ్వలేదు. 1954లో నిజాం లండన్ కోర్టుకెక్కాడు.

1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమందంటే, ఖాతా చట్టప్రకారం పాకిస్తాన్ అనే సార్వభౌమ దేశం చేతిలో ఉంది, ఒక దేశాన్ని దాని ఇష్టం లేకుండా ఇంకో దేశపు కోర్టు విచారించకూడదు, కేసు ఆపండి అని. గమనించండి, ఏ పోలీసూ బెదిరించలేదు. అయినా బ్రిటిష్ అత్యున్నత న్యాయస్థానం తన చేతులు తానే కట్టేసుకుంది. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1967లో పోయాడు. డబ్బు కదల్లేదు. వడ్డీ మాత్రం పెరిగింది.

2013లో పాకిస్తానే ఆ డబ్బు మాదే అని కోర్టుకొచ్చింది. వచ్చిందంటే తన రక్షణ కవచం తనే విప్పేసినట్టు. తర్వాత కేసు వెనక్కి తీసుకోబోయింది, కోర్టు ఒప్పుకోలేదు. ఆ డబ్బు ఆయుధాల ఖర్చుకిచ్చిందని కూడా పాకిస్తాన్ వాదించింది. కరాచీ నుంచి ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ విమానాల్లో ఆయుధాలు తెచ్చిన మాట నిజమే. ఆయన మీద వేరే ఎపిసోడ్ చేయాలి. కానీ ఈ డబ్బు దానికే అన్న మాటని జస్టిస్ మార్కస్ స్మిత్ ఒప్పుకోలేదు. 2019 అక్టోబరు 2న తీర్పు వచ్చింది: రహింతులా ఆ డబ్బుని నిజాం కోసం ట్రస్టుగా పట్టుకున్నాడు, కాబట్టి అది నిజాం వారసులదీ, ఆయన 1965లో తన హక్కు రాసిచ్చిన భారత్‌దీ. పది లక్షల పౌండ్లు అప్పటికి దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి.

ఇదంతా ఆ టీ కొట్టు దగ్గరే వాడికి చెప్పాను. రెండో టీ అయిపోయింది. "అంటే డబ్బు తేలడానికి 71 ఏళ్ళు, ఫిర్యాదు మాత్రం తేలనే లేదు" అన్నాడు. అవును అన్నాను. వచ్చే ఎపిసోడ్‌లో దాద్రా, నగర్ హవేలీ దారి కోసం పోర్చుగల్ మన దేశాన్ని హేగ్ కోర్టుకి లాగిన కథ. ఉంటాను.