పోలీసు కావాలనుకునే పిల్లలు పదహారేళ్లకే ఏమేం చూసుకోవాలి

ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న అయింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు ఆఖరు. ఫైనల్ రాత పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టులో. అంటే పద్దెనిమిదేళ్లకు దరఖాస్తు పెట్టిన అబ్బాయికి రిజల్ట్ వచ్చేసరికి ఇరవై దాటిపోయాయి. కదిరి, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రిలో ఈ మూడేళ్లూ గ్రౌండుకు వెళ్లి పరుగెత్తుతూ ఉన్నవాళ్లు ఉన్నారు, మధ్యలో విసుగొచ్చి బెంగళూరు బస్సెక్కినవాళ్లూ ఉన్నారు.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. కానీ వచ్చాక సరిచేసుకోవడానికి టైం దొరకనివి కొన్ని ఉన్నాయి. వాటిని టెన్త్, ఇంటర్ వయసులోనే చూసుకోవాలి.

మొదట పేరు. నవ్వకండి, మన ఇళ్లలో ఎక్కువ చిక్కు ఇక్కడే. ఆధార్‌లో ‘షేక్’, టెన్త్ మెమోలో ‘ఎస్‌కే’, రేషన్ కార్డులో ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరు ఒకచోట ‘మహబూబ్ బాషా’, ఇంకోచోట ‘మాబు’. బోర్డుకు లెక్క టెన్త్ మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ. మీ పిల్ల ఇప్పుడు టెన్త్‌లో ఉంటే స్కూల్లో నామినల్ రోల్స్ రాసేటప్పుడే అమ్మో నాన్నో వెళ్లి స్పెల్లింగు చూడండి. అప్పుడు ఐదు నిమిషాల పని. మెమో వచ్చాక మార్చాలంటే హెడ్మాస్టరు నుంచి ఎస్సెస్సీ బోర్డు దాకా తిరగాలి.

తర్వాత కుల ధ్రువపత్రం. 2007 చట్టం ప్రకారం షేక్, ఖురేషీ, అత్తర్ సాయిబు, ఫకీరు వంటి వర్గాలు బీసీ-ఈలోకి వస్తాయి, 4 శాతం రిజర్వేషన్. కేసు సుప్రీంకోర్టులో ఉంది, 2010 నాటి మధ్యంతర ఉత్తర్వు మీద అది అమలవుతోంది. సయ్యద్, పఠాన్, మొఘల్‌లు అందులో లేరు. దూదేకుల, నూర్‌బాషావాళ్లు బీసీ-బి. ‘ముస్లింలందరూ బీసీ-ఈ’ అని ఎవరో చెప్తే విని తప్పు కేటగిరీ పెట్టిన దరఖాస్తు చివరి వెరిఫికేషన్‌లో నిలబడదు. తేడా చిన్నదేం కాదు. 2022లో జనరల్ వయసు 18 నుంచి 24, ఆ సారికి ప్రభుత్వం రెండేళ్లు కలిపింది. బీసీలకు మరో ఐదేళ్ల సడలింపు. ప్రిలిమ్స్‌లో ఓసీకి 40 శాతం రావాలి, బీసీకి 35 చాలు.

ఇక ఒళ్లు. మగపిల్లలకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. ఆడపిల్లలకు ఎత్తు 152.5, బరువు కనీసం 40 కిలోలు. ఎత్తును ఎవరూ పెంచలేరు, పౌడర్లు అమ్మేవాళ్ల మాట నమ్మకండి. అయితే ఛాతీ, బరువు తిండితో, కసరత్తుతో వస్తాయి. మన దగ్గర శనక్కాయలకు కొదవ లేదు, గుడ్లు, రాగి సంగటి ఉండనే ఉన్నాయి.

కళ్లు ఇప్పుడే చూపించండి. దూరపు చూపు రెండు కళ్లకూ 6/6 ఉండాలి. రంగులు గుర్తుపట్టలేకపోయినా, మెల్లకన్ను ఉన్నా తీసుకోరు. రంగుల లోపం ఉన్నట్టు చాలామంది పిల్లలకు తెలియనే తెలియదు. రెండేళ్లు కోచింగుకు డబ్బు కట్టాక మెడికల్‌లో బయటపడడం కన్నా, ప్రభుత్వాసుపత్రిలో ఒక పూట లైన్లో నిలబడడం మేలు కదా.

అనంతపురం వాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. మన బోరు నీళ్లలో చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. సత్యసాయి నీటి పథకం తొంభైల్లో వచ్చింది కూడా ఈ కష్టం చూసే. అయినా కుళాయి రాని రోజు బోరు నీళ్లే తాగే ఇళ్లున్నాయి. ఫ్లోరైడ్ ముదిరితే పళ్లు గారపట్టడమే కాదు, ఎముకలు, మోకాళ్లు కూడా వంకర పోవచ్చు. మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చదును పాదం, పుచ్చిన పళ్లు మెడికల్‌లో చూసే లోపాల జాబితాలో ఉన్నాయి. పసుపు మరక వేరు, పుచ్చు వేరు. ఏదో డెంటిస్టుకు చూపిస్తే తేలుతుంది. పుచ్చుంటే పదహారేళ్లకే బాగు చేయించండి, తాగే నీళ్లు మార్చండి.

పరుగు విషయానికొస్తే, 1600 మీటర్లు అందరికీ తప్పనిసరి. మగపిల్లలకు 8 నిమిషాలు, ఆడపిల్లలకు పదిన్నర. దాంతోపాటు 100 మీటర్లు (15 సెకన్లు, ఆడపిల్లలకు 18) లేదా లాంగ్ జంప్ (3.80 మీటర్లు, ఆడపిల్లలకు 2.75), ఈ రెండింట్లో ఒకటి సివిల్ పోస్టుకు చాలు. ఏపీఎస్పీకి పోయేవాళ్లకు పరుగు, దూకుడుకు కూడా మార్కులుంటాయి. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద రౌండుకు రెండు నిమిషాలు అని లెక్క పెట్టుకోండి. మొదటి రౌండు గుర్రంలా పోయి మూడో రౌండులో కూలబడేవాళ్లే ఎక్కువ. మన ఎండలకు ఫజర్ నమాజు అయిన వెంటనే గ్రౌండుకు పోవడమే సరైన టైం. రంజాన్‌లో దూరం తగ్గించి ఇఫ్తారుకు ముందు మెల్లగా పరుగెత్తితే అలవాటు తప్పదు.

ఆడపిల్లల గురించి ఇళ్లలో ‘గ్రౌండుకు ఎవరు తోడు పోతారు’ అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. సివిల్ పోస్టుల్లో మూడో వంతు మహిళలకే. వీధిలో నలుగురు అమ్మాయిలు జత అయితే ఒక అమ్మ తోడు పోయినా సరిపోతుంది.

రాత పరీక్ష 200 మార్కులు: అరిథ్మెటిక్, రీజనింగ్, ఇంగ్లిష్, సైన్స్, చరిత్ర, భూగోళం, పాలిటీ, కరెంట్ అఫైర్స్. పేపరు ఇంగ్లిష్, తెలుగుతోపాటు ఉర్దూలోనూ ఉంటుంది, ఉర్దూ మీడియం పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. ప్రిలిమ్స్ గట్టెక్కడానికే, ర్యాంకుకు ఫైనల్ మార్కులే. అరిథ్మెటిక్‌కు ఆరు నుంచి పది తరగతుల లెక్కల పుస్తకాలు మళ్లీ చేస్తే సగం భయం పోతుంది. బీకాం చదివిన నాకే శాతాల లెక్కలు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

అన్నిటికన్నా భయపడాల్సింది కేసు. ఉరుసులో తోపులాట, కాలేజీ గొడవ, వాట్సాప్‌లో ఎవరో పంపింది ముందూ వెనకా చూడకుండా ఫార్వర్డ్ చేయడం, ఇలాంటివే ఎఫ్ఐఆర్ దాకా పోతాయి. సెలక్షన్ అయ్యాక స్టేషన్ నుంచి ప్రవర్తన విచారణ జరుగుతుంది. కేసు దాచిపెడితే ఆ దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది, చిన్న వయసులో చేసిన చిన్న తప్పయితే శాఖ మన్నించవచ్చని కూడా అంది. పద్దెనిమిదేళ్ల లోపు జరిగినదైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షను సాధారణంగా ఆ మచ్చ ఉద్యోగానికి అడ్డు రాకుండా కాపాడుతుంది. ఏదైనా ఉంటే ఫారం నింపే ముందు వకీలును అడగండి, ఇంటర్నెట్ సెంటరు అన్నను కాదు.

మధ్యలో ఖాళీగా కూర్చోకుండా ఎస్సెస్సీ జీడీ కూడా రాయొచ్చు. టెన్త్ చాలు, 18 నుంచి 23 ఏళ్లు, కానీ మగపిల్లలకు ఎత్తు 170, పరుగు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. డిగ్రీ కడుతూ ఉంటే 21 నిండాక ఎస్సై పోస్టుకూ అర్హత వస్తుంది. కానిస్టేబుల్ మూలవేతనం 25,220 రూపాయల నుంచి మొదలు. అందుకే ఇంటర్ అయిపోగానే చదువు ఆపేసి గ్రౌండుకే అంకితం కావద్దు, డిగ్రీలో పేరు రాయించండి.