తెల్ల కార్డు నుంచి ఆధార్ దాకా: మన వైద్యానికి అడిగిన కాగితాల చరిత్ర



మన సమాఖ్య నివేదికలో ఏటా పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పులు, వసూళ్ల లెక్కలు ఉంటాయి. ఈసారి ఒక చరిత్ర రాయమని మన మండల సమాఖ్య కమిటీ నన్ను అడిగింది. నేను పదో తరగతి వరకే చదివిన దాన్ని. రాజుల చరిత్ర నాకు తెలీదు. కానీ మన చిన్న సంఘాల అప్పుల పుస్తకం తీసి చూడండి. అప్పు దేనికి తీసుకున్నారు అనే గడిలో గొర్రెలు, విత్తనాలు, పిల్లల ఫీజులతో పాటు 'ఆస్పత్రి ఖర్చు' అనే మాట ఎన్నిసార్లు కనిపిస్తుందో చూడండి. ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేయిస్తున్నా ఆ మాట ఎందుకు పోలేదు? నాకు తెలిసి సగం కారణం జబ్బు, సగం కారణం కాగితం. అందుకే ఆ కాగితం చరిత్రే రాస్తున్నా. పాత సంగతులు మా అత్తగారు, మొదటి తరం లీడర్లు చెప్పగా విన్నవి. తర్వాతవి మనమంతా చూసినవే.

పథకం లేని రోజులు

2007కి ముందు పెద్ద జబ్బు చేస్తే మన అనంతపురం జిల్లా వాళ్లకి మూడే దారులు. పెద్దాస్పత్రికి పోవడం, భూమో బంగారమో కుదువ పెట్టి బెంగళూరుకి పోవడం, లేకుంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవడం. ఆ అర్జీకి ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఆదాయం సర్టిఫికెట్, ఆస్పత్రి వాళ్లు ఎంత ఖర్చవుతుందో రాసిచ్చే ఎస్టిమేటు, రేషన్ కార్డు నకలు, పైన ఎమ్మెల్యే ఉత్తరం కావాలి. నాయకుడు తెలిసినోళ్లకి ఉత్తరం దొరికేది. తెలియనోళ్లు ఇంటి ముందర నిలబడేవాళ్లు. అర్జీ హైదరాబాదు పోయి, మంజూరై తిరిగొచ్చేలోపు జబ్బు ఆగదు కదా.

అయినా ఆ దారిలోనే 2004 మే నుంచి 2007 జూన్ దాకా సుమారు 55 వేల మందికి 168 కోట్ల రూపాయలు ఇచ్చారని ప్రభుత్వం చెప్పిన లెక్క. ఇంతమంది అర్జీలు పెట్టుకుంటున్నారంటే ఒక్కొక్కరికి విడిగా సాయం చేయడం కాదు, అందరికీ ఒక పద్ధతి ఉండాలి అనే ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

మన జిల్లాతోనే మొదలు

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది. శ్రీకాకుళం, మహబూబ్‌నగర్, మూడోది మన అనంతపురం. మూడూ కరువుకి, వలసకి పేరుపడిన జిల్లాలే. మొదట 163 జబ్బులకు, కుటుంబానికి ఏడాదికి లక్షన్నర వరకు, అది చాలకపోతే ఇంకో 50 వేలు. విడతలు విడతలుగా మిగతా జిల్లాలకి పోయింది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వచ్చింది. జబ్బుల సంఖ్య 942కి పెరిగింది.

ఈ పథకంలో అందరికీ తెలిసిన గొప్ప ఆపరేషన్లు. నాకు మాత్రం గొప్పగా అనిపించేది వేరే. ఆదాయం సర్టిఫికెట్ అడగలేదు, ఎమ్మెల్యే ఉత్తరం అడగలేదు, ముందుగా పేరు నమోదు చేసుకోమనలేదు. ఇంట్లో ఉన్న తెల్ల రేషన్ కార్డే చాలన్నారు. కార్డులో ఫోటో, పేరు ఉంటే ఆస్పత్రిలో చేర్చుకోవాలి. దూరపు జబ్బుకి రానుపోను బస్సు ఛార్జీ, ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు కూడా పథకంలోనే.

పక్క రాష్ట్రాలు, కేంద్రం వేరే దారి పట్టాయి. కర్ణాటకలో 2003లో వచ్చిన యశస్వినికి సహకార సంఘంలో సభ్యత్వం ఉండాలి, ఏటా డబ్బు కట్టాలి. కేంద్రం 2008లో తెచ్చిన బీమా పథకానికి 30 రూపాయలు కట్టి, వేలిముద్రలు ఇచ్చి, స్మార్టు కార్డు తీసుకోవాలి. ఐదుగురికి కలిపి 30 వేలు. అక్కడ నమోదు రోజున ఊర్లో లేని వాళ్లు ఆ ఏడాదికి బయటే. మన దగ్గర వలస పోయినోళ్లు కూడా తిరిగొచ్చి కార్డు చూపిస్తే సరిపోయేది.

ఇంకో సంగతి మన పిల్లలకి చెప్పాలి. ఆరోగ్యమిత్రలను మొదట్లో జిల్లా సమాఖ్యల ద్వారానే తీసుకున్నారు. పీహెచ్‌సీలో కూర్చుని కార్డు చూసి, చీటీ రాసి, ఏ ఆస్పత్రికి పోవాలో చెప్పింది మన సంఘాల నుంచి వచ్చినోళ్లే. అర్జీ రాయడం రాని మనిషికి ఆస్పత్రి గుమ్మంలో మన యాస మాట్లాడే మనిషి కనపడటం అంటే మాటలు కాదు.

బియ్యం కార్డు మీద పడిన బరువు

అయితే తెల్ల కార్డు వైద్యం కోసం పుట్టింది కాదు. చౌక బియ్యం కోసం పుట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి కార్డు అంటే బియ్యమే. 2008లో తెల్ల కార్డుకి ఆదాయ హద్దు పల్లెల్లో ఏడాదికి 60 వేలు, పట్నాల్లో 75 వేలు చేశారు. అందువల్ల రాష్ట్రంలో సుమారు ఐదు కుటుంబాల్లో నాలుగు దాని కిందికి వచ్చాయి. అది మంచికే అయింది. కానీ బియ్యం తినని వాళ్లు కూడా ఆపరేషన్ కోసం కార్డు కావాలన్నారు. దొంగ కార్డులు పెరిగాయని ప్రభుత్వం ఏరివేతలు మొదలుపెట్టింది. కళ్ల ఫోటో తీసి కార్డులిచ్చారు. 2011 నుంచి రచ్చబండల్లో తాత్కాలిక కూపన్లు ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి పేరుకీ ఆధార్ నంబరు కలపాలన్నారు.

ఏరివేసింది బియ్యం కార్డునే. కానీ దానితో పాటు ఆరోగ్యశ్రీ కూడా పోయేది. బియ్యం పోతే నెలకి కొన్ని వందల నష్టం. వైద్యం పోతే లక్షల నష్టం. ఆ తేడా కార్డు కొట్టేసే చేతికి కనిపించదు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. మన వైపు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారింది, హద్దు రెండున్నర లక్షలకు పెరిగింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరు అలాగే ఉంది, తెల్ల కార్డుల బదులు ఆహార భద్రత కార్డులు వచ్చాయి.

కార్డులు వేరుపడటం

2019 చివర్లో మన రాష్ట్రంలో పెద్ద మార్పు వచ్చింది. బియ్యం కార్డు వేరు, ఆరోగ్యశ్రీ కార్డు వేరు అన్నారు. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి, మాగాణి అయితే 12 ఎకరాల లోపు, మెట్ట అయితే 35 ఎకరాల లోపు ఉన్నోళ్లకి కూడా అర్హత ఇచ్చారు. ఒక కారు ఉన్నా పర్వాలేదన్నారు. అదే ఏడు నవంబరు నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఆస్పత్రుల్లో కొన్ని పెద్ద జబ్బులకు వైద్యం దొరికింది. మన జిల్లాకి బెంగళూరు ఎంత దగ్గరో తెలిసిందే. డిసెంబరులో ఆరోగ్య ఆసరా వచ్చింది. ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నప్పుడు రోజుకి 225, నెలకి 5 వేల లోపు. డబ్బు బ్యాంకులో పడాలి కాబట్టి ఖాతా పుస్తకం కూడా కాగితాల్లో చేరింది. 2023 డిసెంబరులో హద్దు 25 లక్షలు చేశారు, జబ్బుల జాబితా 3,257కి పోయింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు.

కేంద్రం వైపు 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ మొదలైంది. దానికి 2011లో చేసిన కుటుంబాల సర్వేనే ఆధారం. అంటే ఏడేళ్ల కిందటి జాబితాలో పేరుంటేనే అర్హత. 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు అన్నారు. దానికి అడిగేది ఆధార్ ఒక్కటే. ఆదాయం చూడకుండా వయసు చూసి ఇవ్వడం ఇది కొత్త. మన అత్తమామలకి, అమ్మానాన్నలకి ఇది చేయించాలి.

పేరు కలవని చోట

హద్దు లక్షన్నర నుంచి 25 లక్షలకి పోయింది. 163 జబ్బులు మూడు వేలు దాటాయి. మరి మన అప్పుల పుస్తకంలో ఆస్పత్రి ఖర్చు ఎందుకు మిగిలింది?

మా గ్రామ సంఘంలో ఒకామెకి కిడ్నీలో రాయికి ఆపరేషన్ పడింది. పెళ్లయి పన్నెండేళ్లు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, కార్డులో మెట్టినింటి ఇంటిపేరు. ఆధార్‌లో పుట్టిన ఏడు ఒకటి, కార్డులో వయసు ఇంకొకటి. వేరు కాపురం పెట్టి ఆరేళ్లైనా పేరు అత్తగారి కార్డులోనే ఉంది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర కంప్యూటర్ ఒప్పుకోలేదు, సరిచేసుకుని రమ్మన్నారు. అన్నీ సరయ్యేసరికి తొమ్మిది రోజులు. నొప్పి తట్టుకోలేక ఆమె భర్త వేరేచోట డబ్బు కట్టి చేయించాడు. రూపాయి వడ్డీకి గ్రామ సంఘంలో తీసుకున్న ఆ నలభై వేలు ఇప్పటికీ కడుతున్నారు. ఆమె పేదది కాదని ఎవరూ అనలేదు. రెండు కాగితాల్లో ఒకే మనిషి కాలేదు, అంతే.

ఈ ఇబ్బంది ఆడవాళ్లకే ఎక్కువ. మగవాడి ఇంటిపేరు పుట్టినప్పటి నుంచి ఒకటే, ఊరు ఒకటే. మనకి పెళ్లితో రెండూ మారతాయి. భర్త పోయినామె, భర్త వదిలేసినామె పేరు ఏ కార్డులో ఉండాలో ఆమెకే తెలీదు. కూలి చేసి చేసి అరిగిన వేళ్లకి వేలిముద్ర పడదు. వేలిముద్ర పడకపోతే కంటిపాప అడగాలి, ఫోనుకి వచ్చే ఓటీపీ అడగాలి. ఆ ఫోను నంబరు కూడా చాలామందికి కొడుకుదో, ఎప్పుడో పారేసిన సిమ్ముదో.

ఇంకోటి తెలుసుకోవాలి. 2016 ఆధార్ చట్టంలోనే, ఆధార్ నంబరు ఇంకా రాని వాళ్లకి వేరే గుర్తింపుతో సాయం ఇవ్వాలని రాసి ఉంది. ఆధార్ లేదని ఎవరినైనా వెనక్కి పంపితే ఈ మాట అడగొచ్చు. అడగడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి, అంతే.

సంఘాలు చేయాల్సింది

ఈ పద్దెనిమిదేళ్లలో నాకు కనిపించేది ఇది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, కార్డు మారింది. మారిన ప్రతిసారీ అర్హత పెరిగినా, కొంతమంది సందులో జారిపోయారు. అలా జారిపోయింది జబ్బు వచ్చిన రోజే తెలిసింది. అప్పటికి ఆలస్యం. కార్డు చూసుకోవాల్సింది ఒళ్లు బాగున్న రోజున.

మన పంచసూత్రాల్లో సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ ఉన్నాయి. పుస్తకాలు రాయడం మనకి ముప్పై ఏళ్లుగా వచ్చు. వచ్చే ఏడు నుంచి ప్రతి గ్రామ సంఘం ఒక ఆరోగ్య కార్డుల రిజిస్టరు పెట్టాలని కమిటీ ముందు పెడుతున్నా. అందులో సభ్యురాలి పేరు, ఆధార్‌లో ఎలా ఉందో, కార్డులో ఎలా ఉందో, ఇంట్లో ఎవరి పేరు ఎక్కలేదో, ఫోను నంబరు పనిచేస్తుందో లేదో, 70 దాటిన పెద్దలకి కార్డు అయిందో లేదో రాయాలి. ఆధార్ నంబరు మొత్తం రాయొద్దు, చివరి నాలుగు అంకెలు చాలు. తేడా ఉన్న పేర్లను నెలకి ఒకసారి సచివాలయానికి కలిసి తీసుకుపోవాలి. ఒక్కరు పోతే రేపు రమ్మంటారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు. ఆస్పత్రిలో ఇబ్బంది అయితే ముందు ఆరోగ్యమిత్రని కలవాలి, పని జరక్కపోతే అక్కడి నుంచే 104కి ఫోన్ చేయాలి.

ఒకప్పుడు ఆరోగ్యమిత్రలను మన సమాఖ్యలే ఇచ్చాయి. ఇప్పుడు ఆ ఉద్యోగం మన చేతిలో లేకపోయినా ఆ పని మాత్రం ఇంకా మనదే. వచ్చే నివేదికకి ఎన్ని గ్రామ సంఘాలు రిజిస్టరు పెట్టాయో, ఎన్ని పేర్లు సరిచేయించాయో లెక్క రాద్దాం. అప్పుల పుస్తకంలో 'ఆస్పత్రి ఖర్చు' ఎంత తగ్గిందో దాని పక్కనే రాద్దాం.