గాదె, పాతర, రేషన్ కార్డు: మన ఇండ్లలో ఏడాది గ్రాసం కథ

పోయిన నెల కమిటీ కూటంలో ఒక మాట వచ్చింది. పొంగల్ అయినాక, కోత ధర తక్కువగా ఉన్నప్పుడు, సభ్యులంతా కలిసి బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు మొత్తంగా కొని పంచుకుంటే ఎట్లుంటుందని. కొందరు బాగుందన్నారు. ఒక పెద్దాయన మాత్రం, ఇదంతా పదుక్కల్ కదా, మనకెందుకు చెడ్డపేరు అన్నారు. ఇంకొకరు లేచి, మన తాతలు ఏడాది గ్రాసం ఇంట్లో పెట్టుకోకుండా ఉండినారా అని అడిగినారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. రెండింటి వెనక ఉండే చరిత్ర కొంచెం రాస్తాను. నాది తమిళ్ మీడియం చదువు. తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి.

ముందు మాటలు చూద్దాం. మన ఇండ్లలో 'గాదె' అనే మాట ఇంకా ఉంది, వస్తువు పోయింది. వెదురు తడికతో గుండ్రంగా అల్లి, పేడా మన్నూ కలిపి లోపలా బయటా మెత్తి, కింద రాళ్ళు పెట్టి ఎత్తున నిలిపేది గాదె. పైన కూడా కప్పు. కింద చిన్న కంత, దానికి మూత. పైనుంచి పోస్తారు, కిందినుంచి తీస్తారు. అంటే పాతవి ముందు బయటికొస్తాయి. ఇప్పుడు గోడౌన్లలో స్టాకు తిప్పడం అని దీన్నే క్లాసు పెట్టి నేర్పిస్తారు. తమిళంలో మట్టి గాదెను కుదిర్ అంటారు. తంజావూరు వైపు పలకలతో చేసిన చెక్క పెట్టె పత్తాయం. 'మా నాయన కుదిర్లో లేడు' అనే తమిళ సామెత మనవాళ్ళకూ తెలుసు. అప్పులవాడు వచ్చి అడిగితే బిడ్డ అట్లా చెప్పి నాయన దాక్కున్న చోటు పట్టిచ్చిన కథ. మనిషి దాక్కునేంత పెద్దది కుదిర్ అని ఆ సామెతే సాక్ష్యం. తెలుగులో మనకుండేది గాదె కింది పందికొక్కు. దాచేది ఒకరు, తినేది ఇంకొకరు అనే బాధ అందులో ఉంది.

మెట్ట సీమలో గాదె కాదు, పాతర. రాయలసీమలో, తెలంగాణలో, కర్ణాటక మెట్టలో జొన్నలకు నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన మన్ను కప్పి మూసేవారు. కన్నడంలో దాన్ని హగేవు అంటారు. గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. మనిషికీ అదే ప్రమాదం. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగేవారు కాదు. చాలాసేపు గాలి పోనిచ్చి, దీపం దించి చూసి, అది ఆరిపోకుంటేనే మనిషిని దించేవారు. ధాన్యం ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుందని ఏ బడిలోనూ చదవకుండానే ఈ జాగ్రత్త తెలుసు. పాతరకు ఇంకో లాభం ఉంది. దండు వచ్చినా, దోపిడి వచ్చినా పైకి ఏమీ కనబడదు.

గరిసె అని ఇంకో మాట. ధాన్యపు కొట్టుకూ అదే పేరు, కొలతకూ అదే పేరు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'గార్స్' చేసి మద్రాసు రాజధాని అంతటా వాడినారు. మద్రాసు లెక్కలో ఒక గరిసెకు 400 మరక్కాళ్ళు, మరక్కాలుకు 8 పడులు, అంటే 3200 పడులు. రెవెన్యూ కాగితాల్లో, ఓడల సరుకు లెక్కల్లో మన తెలుగు మాట అట్లా కూర్చుండిపోయింది. మన పుట్టి, తూము, కుంచం, మానిక మాత్రం ఇంటి మాటలుగానే మిగిలినాయి.

మనవాళ్ళు ఈ సీమకు వచ్చినప్పుడు ధాన్యం దాచడం రాజకార్యం కూడా. పాపనాశం దగ్గర తిరుప్పాలైత్తురై గుడిలో ఇటుకతో కట్టిన పెద్ద గుండ్రటి ధాన్యాగారం ఇప్పటికీ నిలిచి ఉంది. 3000 కలం వడ్లు పట్టేంతది, తంజావూరు రఘునాథ నాయకుని కాలందని చెప్తారు. ఆయన 17వ శతాబ్దం మొదట్లో ఏలినాడు, తెలుగులో కావ్యాలు రాసినాడు. శ్రీరంగం గుడిలో కూడా అట్లాంటి గుండ్రటి కొట్టారాలు ఉన్నాయి. సెంజి కోటలోనూ ధాన్యపు కొట్లు చూడొచ్చు. మన టూర్లలో గోపురం ముందర ఫోటో తీసుకుని వచ్చేస్తాం. ఈసారి కుంభకోణం వైపు పోతే పాపనాశంలో అరగంట ఆగండి. కోట ముట్టడిలో తిండి ఉన్నవాడే నిలుస్తాడు, గుడిలో నైవేద్యం ఆగకూడదు, ఈ రెండు అవసరాలే ఆ ఇటుకల వెనక ఉండినవి.

ఇంతవరకూ చదివి, మనవాళ్ళు ఎంత ముందుచూపు గలవాళ్ళు అని ఎవరైనా మీసం తిప్పితే, ఆయన 1876 దగ్గర కొంచెం ఆగాల.

1876లో వానలు పోయినాయి. ఆ ఏడు మనకు ధాత, తమిళులకు తాదు. అందుకే తెలుగులో ధాత కరువు, తమిళంలో తాదు వరుష పంజం. రెండు భాషల్లో ఒకే పేరు పడిన కరువు. 1878 వరకు మద్రాసు రాజధానినీ, మైసూరునూ, హైదరాబాదు, బొంబాయి సీమల్నీ తినేసింది. లక్షల మంది చచ్చిపోయినారు. సహాయపు పనులు చూడడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొర, పగలంతా మట్టి మోసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు, దీంతో కష్టం చేసే మనిషి బతకడని గట్టిగా వాదించినాడు. చివరికి 1877లోనే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అడయారు, కూవం నదులను కలిపే బకింగ్‌హాం కాలువ భాగం ఆ కరువు పనుల్లో తవ్వినదే. మన సభ్యులు చాలామంది రోజూ ఆ కాలువ మీది వంతెన దాటి ఆఫీసుకు పోతారు.

ఆ కరువులో ఎవరు పోయినారు, ఎవరు మిగిలినారు? గాదె ఉన్నవాడు మిగిలినాడు. గాదెలోకి ధాన్యం పోసిన కూలివాడికి గాదె లేదు. అతని కూలి రోజు గింజలే. పని లేని రోజు గింజా లేదు. మన తాతల గాదెలు నిండుగా ఉండినాయని చెప్పుకునేటప్పుడు, ఆ వడ్లు కోసి, తూర్పార పట్టి, మోసి పోసినవాళ్ళ ఇండ్లలో ఏముండిందో కూడా చెప్పాల. మన సంఘంలోనే రెండు రకాల కుటుంబాలూ ఉన్నాయి. వలస వచ్చి భూమి చేసినవాళ్ళున్నారు, పొట్ట చేతపట్టుకుని కూలికి, రోడ్డు పనికి, ఊడ్చే పనికి వచ్చినవాళ్ళున్నారు. ఒకరి చరిత్రనే అందరి చరిత్రగా రాసుకోవడం నాకు నచ్చదు.

రైలు సంగతి కూడా చెప్పాల, నేను అందులో అన్నం తిన్నవాణ్ణి. రాయపురం నుంచి వాలాజా వరకు 1856లోనే రైలు వచ్చింది. కరువు నాటికి రైలు దారులు చాలా దూరం పోయినాయి. రైలు గింజలు తెచ్చింది నిజమే. అయితే ధర ఎక్కడ ఎక్కువో అక్కడికి గింజల్ని లాక్కొని పోయిందీ అదే రైలు. కొనే శక్తి లేని ఊరికి స్టేషన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 1880 కరువు కమిషన్ తరువాత కరువు కోడ్ అని నియమాలు వచ్చినాయి. పని ఎప్పుడు పెట్టాల, కూలి ఎంత ఇవ్వాల అనేది కాగితం మీదికి ఎక్కింది.

రెండో యుద్ధంలో కథ మారింది. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయింది. మద్రాసు రాజధాని ఎన్నో ఏండ్లుగా బర్మా బియ్యం మీద ఆధారపడి ఉండింది. అది ఒక్కసారిగా ఆగింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడినాయి. మద్రాసు జనం మూటా ముల్లె కట్టుకుని ఊళ్ళకు పరుగెత్తినారు. తరువాత రేషన్ వచ్చింది. బియ్యం తగ్గించి గోధుమలు ఇచ్చినారు. గోధుమను ఏం చేసుకోవాలో తెలియని ఇండ్లు రవ్వ చేసుకుని ఉప్మాకు అలవాటు పడినాయి. బెంగళూరు ఎం.టి.ఆర్. వాళ్ళు రవ్వ ఇడ్లీ ఆ బియ్యం కొరతలోనే పుట్టిందని చెప్తారు.

రైల్వే ఉద్యోగులకు అప్పుడు గ్రెయిన్ షాపులు పెట్టినారు. తక్కువ ధరకు బియ్యం, పప్పు, నూనె. చిన్న స్టేషన్లకు వ్యాగన్‌లోనే అంగడి వచ్చేది. నేను చేరిన కాలానికి అవి లేవు. ముసలి గుమాస్తాలు మాత్రం ఇంకా చెప్పుకునేవారు, జీతం కంటే ఆ బియ్యమే పెద్దగా ఉండిందని.

'పదుక్కల్' అనే తిట్టు గట్టిపడింది ఆ కాలంలోనే. గాదె నింపుకోవడం అంతవరకూ గృహస్థు లక్షణం. కంట్రోలు రోజుల్లో అది నేరమయ్యే అవకాశం వచ్చింది. అధికారులు వచ్చి లెక్క చూసి, ఇంటి ఖర్చుకూ విత్తనానికీ విడిచి, మిగిలింది సర్కారు ధరకు తీసుకునేవారు. పెద్ద మిరాసుదార్లు ఎక్కడెక్కడో దాచినారు, చిన్న రైతు దొరికిపోయినాడు. 1952 జూన్‌లో రాజాజీ మద్రాసులో బియ్యం కంట్రోలు ఎత్తేసినప్పుడు ఊళ్ళలో పండుగే. 1960లలో మళ్ళీ కొరత, మళ్ళీ జోన్లు. ఒక చోటి బియ్యం ఇంకో చోటికి పోకూడదు. చీర మడతల్లో, పరుపుల్లో, పాల క్యాన్లలో రైళ్ళలో బియ్యం పోయేది. పట్టుబడేది ఎక్కువగా ఆడవాళ్ళే. నాలుగు పడుల బియ్యం మోసేది పదుక్కల్‌కారి కాదు, పొట్టకూటి మనిషి అని ఆనాటి టికెట్ కలెక్టర్లకూ తెలుసు.

తరువాతిది మీకందరికీ తెలిసిందే, తొందరగా దాటుతాను. 1965లో ఎఫ్.సి.ఐ. పుట్టింది, దాని మొదటి జిల్లా ఆఫీసు తంజావూరులోనే. 1967 ఎన్నికల్లో రూపాయికి పడి బియ్యం అనే మాట ఒక ప్రభుత్వాన్నే దించింది. 1972లో తమిళనాడు సివిల్ సప్లైస్ కార్పొరేషన్. 1983లో ఆంధ్రలో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం. ఇక్కడ 2008లో కిలో రూపాయి, 2011 నుంచి ఉచితం. నేను గూడ్స్ ఆఫీసులో ఉన్నప్పుడు పంజాబు నుంచి వచ్చే బియ్యం ర్యాకులకు కాగితాలు రాసేవాణ్ణి. ఒక్కో ర్యాకు చూస్తే నాకు అనిపించేది, గాదె లేనివాడికి సర్కారు కట్టిన గాదె ఇదే కదా అని.

దీంతో మన ఇండ్లలో దాచే అలవాటు పోయింది. అపార్ట్‌మెంటులో అటక కూడా లేదు. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్ ఉంది. 2015 డిసెంబరు నీళ్ళలో, 2020 మార్చి లాక్‌డౌన్‌లో, 2023 మిచాంగ్ తుఫానులో ఆ యాప్ ఏం చేసిందో చెన్నై సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. కరెంటు లేదు, ఫోను లేదు, వీధిలో మొలబంటి నీళ్ళు. ఇంట్లో పదిరోజుల బియ్యం, పప్పు, చింతపండు, వడియాలు, పచ్చడి ఉన్న ముసలమ్మలు పక్కింటివాళ్ళకూ పెట్టినారు.

మా అవ్వ చేసే పద్ధతులు కొన్ని రాస్తాను, ఎందుకంటే రాసి పెట్టకపోతే పోతాయి. కందులను ఎర్రమన్ను నీళ్ళతో కలిపి ఎండబెట్టి దాచేది, పప్పు పగలగొట్టే ముందు. పప్పులకైతే కొంచెం ఆముదం పట్టించేది. బియ్యంలో ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు, వస కొమ్ము. చింతపండు మాసి నెలలో కొత్తది వస్తే గింజ, ఈనె తీసి, ఉప్పు చల్లి, జాడీలో అణిచి పెట్టేది. వడ్లు పంటి కింద పెట్టి చూసేది. టక్కుమని విరిగితే దాచొచ్చు, మెత్తగా అణిగితే ఇంకో రెండెండలు. ఇప్పుడు మీటరు పెట్టి తేమ 14 శాతం లోపల ఉండాలంటారు. అవ్వ పన్ను ఆ మీటరుకు దగ్గరగానే ఉండింది. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని ఆరునెలలు ఆగి వండేది. అంటే దాచడం వల్ల డబ్బు మిగలడమే కాదు, అన్నమూ పొడిపొడిగా ఉండేది.

ఇప్పుడు కమిటీలో వచ్చిన మాటకు నా అభిప్రాయం. ఇంటికి సరిపడా ఏడాది గ్రాసం పదుక్కల్ కాదు. తిరిగి అమ్మితే, ధర పెరగాలని ఆపితే అది పదుక్కల్. సంఘం పేరుతో కొన్నది సభ్యుల ఇండ్లకే పోవాల, ఎవరి గోడౌన్‌లోనూ నిలవకూడదు. కార్డుకు ఇంత అని హద్దు పెట్టాల, లెక్క నోటీసు బోర్డులో వేయాల.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. తై నెలలో ఒక్కసారిగా ఏడాది డబ్బు కట్టగలిగేది పెన్షన్ వచ్చే నాలాంటివాళ్ళు, వ్యాపారస్తులు. ఆటో తోలేవాడు, ఇండ్లలో పనిచేసే అమ్మ కట్టలేరు. వాళ్ళే నెలనెలా చిల్లర అంగట్లో ఎక్కువ ధరకు కొంటున్నారు. కట్టగలిగినవాళ్ళు మాత్రమే చేరితే ఇది మళ్ళీ 1876 గాదె అవుతుంది. సంఘం కల్యాణ నిధి నుంచి ముందు డబ్బు పెట్టి, ఆ సభ్యుల దగ్గర వడ్డీ లేకుండా పది నెలల్లో వసూలు చేయాలని నేను కాగితం ఇచ్చినాను. నిధి పెండ్లి మంటపానికి పెట్టుకున్నదని అడ్డు చెప్పేవాళ్ళున్నారు. మంటపం ఒక ఏడు ఆలస్యమైతే ఆగుతుంది. రెండో ఆదివారం కూటంలో చెయ్యెత్తే ముందు ఇది చదివి రమ్మని కోరుతున్నాను.

హోసూరు, కృష్ణగిరి, కోవిల్‌పట్టి వైపు సభ్యుల పాత ఇండ్లలో గాదె, పత్తాయం, ఇత్తడి పడి, మానిక, కుంచం ఏమైనా మిగిలి ఉంటే ఫోటో తీసి పంపండి. దాన్ని మీ ఇంట్లో ఏమని పిలిచేవారో, ఎన్ని పడులు పట్టేదో పక్కన రాయండి. పాత ఇనుపసామాన్లవాడికి వేసే ముందు ఒక్క ఫోన్ చేయండి.