టిక్కెట్టులో పదో వంతు: ఫ్రెంచి సినిమా కథ

మా హేతువాద సంఘం సమావేశంలో ఒక మిత్రుడు సూటిగా అడిగాడు. "పుష్కరాలకి ప్రభుత్వం డబ్బు ఖర్చు పెడితే తప్పంటాం కదా. మరి సినిమాలకి సర్కారు డబ్బిస్తే ఎందుకు మెచ్చుకుంటాం? జనం పన్నుల డబ్బే కదా రెండూ?"

ప్రశ్న సబబైనదే. అప్పటికప్పుడు నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. కళ గొప్పది, మతం చెడ్డది అంటే సరిపోదు. అది మన ఇష్టం, వాదన కాదు. ఇంటికొచ్చాక ఫ్రాన్సు చరిత్ర మళ్ళీ తిరగేశాను. సినిమాకి ప్రభుత్వ సాయం గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా ముందు ఆ దేశం పేరే చెబుతారు కాబట్టి.

మొదట ఒక చేదు నిజం. యూరప్ లో సినిమాకి ప్రభుత్వ సాయం అనగానే ఉదార ప్రజాస్వామ్యాలే గుర్తు రానక్కర్లేదు. జర్మనీలో నాజీలు అధికారంలోకి వచ్చిన కొన్ని నెలలకే, 1933 జూన్ లో, సినిమాలకి అప్పులిచ్చే బ్యాంకు ఒకటి పెట్టారు. అప్పు కావాలంటే కథ చూపించాలి. మరుసటి ఏడాది చట్టం తెచ్చి సినిమా తీయకముందే సెన్సారు చెయ్యడం మొదలుపెట్టారు. ఇటలీలో ముస్సోలినీ 1937లో రోము శివార్లలో చినెచిట్టా స్టూడియో ప్రారంభించాడు. ఫ్రాన్సులోనూ అంతే. 1940లో హిట్లరుకి లొంగిన విషీ ప్రభుత్వం సినిమా పరిశ్రమని క్రమబద్ధం చేసే సంఘం ఒకటి ఏర్పాటు చేసింది. యూదుల్ని ఆ వృత్తిలోంచి వెళ్ళగొట్టిన ఏర్పాటు కూడా అదే కాలానిది. యుద్ధం ముగిశాక ఏర్పడిన ఫ్రెంచి జాతీయ సినిమా కేంద్రం ఈ సంఘం కట్టిన పునాదుల మీదే లేచింది. పుట్టుక చూసి సంస్థ మంచిచెడ్డలు తేల్చెయ్యడం హేతువాదం కాదు, నిజమే. కానీ పుట్టుకని దాచడం కూడా హేతువాదం కాదు.

ఇక అసలు కథ. 1946 మే 28న వాషింగ్టన్ లో ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రాన్సు తరఫున లియోన్ బ్లూమ్, అమెరికా తరఫున విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్. యుద్ధంలో చితికిపోయిన ఫ్రాన్సుకి అప్పు కావాలి, పాత బాకీల మాఫీ కావాలి. అమెరికాకి తన సినిమాలు ఆడటానికి హాళ్ళు కావాలి. ఆక్రమణ ఏళ్ళలో అక్కడ ఆడని హాలీవుడ్ సినిమాలు గుట్టలుగా ఉన్నాయి. వాటి ఖర్చు సొంత దేశంలోనే రాబట్టేసుకున్నారు కాబట్టి ఎంత చవగ్గా ఇచ్చినా లాభమే. ఒప్పందం ప్రకారం ప్రతి మూడు నెలల్లో నాలుగు వారాలు మాత్రం హాళ్ళు ఫ్రెంచి సినిమాలకి కేటాయించాలి. మిగతా తొమ్మిది వారాలు ఎవరి సత్తా వారిది.

పరిశ్రమలో గగ్గోలు పుట్టింది. 1948 జనవరి 4న పారిస్ వీధుల్లో నటులు, దర్శకులు, స్టూడియో కార్మికులు కలిసి ఊరేగింపు తీశారు. ఆ ఏడాదే ఒప్పందాన్ని సవరించారు. నాలుగు వారాలు అయిదయ్యాయి. దాని కన్నా ముఖ్యమైనది 1948 సెప్టెంబరులో వచ్చిన చట్టం. దాని పేరులోనే 'తాత్కాలిక సాయం' అని ఉంది. ఆ తాత్కాలికం ఇప్పటికీ నడుస్తోంది!

ఆ పద్ధతి నాకు నచ్చిన తీరు చెబుతాను. సినిమా టిక్కెట్టు మీద ఒక ప్రత్యేక పన్ను వేశారు. ఇప్పుడది టిక్కెట్టు ధరలో 10.72 శాతం. ఈ సొమ్ము ఖజానాలో కలిసి మాయమైపోదు. సినిమా కేంద్రం దగ్గరికి వెళ్ళి మళ్ళీ సినిమాకే వస్తుంది. అంటే సినిమా చూడని రైతు ఈ పన్ను కట్టడు. చూసేవాడే కడతాడు. పైగా ఏ సినిమా చూసినా కడతాడు. హాలీవుడ్ సినిమాకి జనం ఎగబడితే ఆ టిక్కెట్లలోంచి ఫ్రెంచి సినిమాకి వాటా చేరుతుంది. పరాయి సినిమాని తన్ని తరమలేదు. దాని రాబడిలోంచి కొంత పక్కకి తీసి సొంత సినిమా బతికేలా చూశారు. తర్వాత టీవీ ఛానళ్ళ మీద, వీడియో మీద, చివరికి ఇంటర్నెట్ లో సినిమాలిచ్చే కంపెనీల మీద కూడా ఇదే సూత్రం పెట్టారు.

పంచడంలో రెండు దార్లున్నాయి. ఒకటి, లెక్క ప్రకారం తనంతట తానే వచ్చేది. నిర్మాత సినిమా ఎంత ఆడితే అంత మొత్తం అతని ఖాతాలో పడుతుంది. కానీ ఆ డబ్బు జేబులో వేసుకోవడానికి వీల్లేదు. తరవాతి సినిమాలోనే పెట్టాలి. ఇందులో ఎవరి దయా అక్కర్లేదు. రెండోది 1959లో ఆంద్రే మాల్రో సాంస్కృతిక మంత్రిగా ఉన్నప్పుడు వచ్చింది. రాబోయే వసూళ్ళ మీద బయానా అనుకోవచ్చు. ఒక సంఘం కథ చదివి, నచ్చితే వడ్డీ లేకుండా డబ్బిస్తుంది. సినిమా ఆడితే తిరిగి కట్టాలి. ఆడకపోతే లేదు. డబ్బున్న మామగారో షావుకారో లేని కొత్త దర్శకులకి ఇదొక తలుపు తెరిచింది.

ఇక్కడే మా మిత్రుడి ప్రశ్న మళ్ళీ తలెత్తుతుంది. డబ్బిచ్చేవాడు చెప్పినట్టు ఆడమంటాడు కదా?

1966లో జరిగినది చూడండి. దిదెరో పేరు మనవాళ్ళకి కొత్త కాదు. విజ్ఞాన సర్వస్వం నడిపిన నాస్తికుడు. ఇష్టం లేకుండా కన్యాశ్రమంలో పడేసిన అమ్మాయి కథ ఒకటి రాశాడు. అది పుస్తకంగా వచ్చింది ఆయన పోయిన తర్వాత 1796లో. ఆ కథని జాక్ రివెత్ సినిమాగా తీశాడు. కాథలిక్ సంఘాలు సినిమా చూడకుండానే ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాయి. సెన్సారు బోర్డు రెండుసార్లు సరే అన్నా, సమాచార శాఖ చూసే ఇవోన్ బూర్జ్ నిషేధించాడు. ఇంకో మంత్రి మాల్రో మాత్రం దాన్ని కాన్ చిత్రోత్సవానికి వెళ్ళనిచ్చాడు! 1967లో పెద్దలకు మాత్రమే అని విడుదలైంది. నిషేధమే చట్టవిరుద్ధమని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తేల్చింది 1975లో. రెండువందల ఏళ్ళనాటి పుస్తకం, అందరి ఇళ్ళలో ఉన్నది, తెర మీదకొస్తే మతానికి ముప్పట!

అదే 1966 అక్టోబరులో ఇంకో గొడవ. ప్రభుత్వ సొమ్ముతో నడిచే నాటకశాలలో జాన్ జెనే నాటకం వేశారు. అల్జీరియా యుద్ధంలో ఫ్రెంచి సైన్యాన్ని అవమానించిందని కొందరు సభ్యులు పార్లమెంటులో ఆ నాటకశాల గ్రాంటు కోయమన్నారు. మాల్రో లేచి, నచ్చని నాటకం ఉందని గ్రాంటు కోస్తే రేపు నచ్చినవాటికి కూడా దిక్కుండదన్న ధోరణిలో వాదించి నిలబెట్టాడు.

ఈ రెండు ఘటనల్నీ పక్కపక్కన పెడితే నాకొకటి అర్థమైంది. రివెత్ సినిమాని ఆపింది డబ్బిచ్చే యంత్రాంగం కాదు, సెన్సారు అధికారం. ఒక్క మంత్రి సంతకంతో ఆగిపోయింది. డబ్బు మాత్రం రాసి ఉన్న నియమం ప్రకారం నడిచింది కాబట్టి దాన్ని ఆపడానికి పార్లమెంటులో బాహాటంగా వాదించాల్సి వచ్చింది. అందులో ఓడిపోయారు కూడా.

డెన్మార్క్ ది దీనికి విలోమం. అక్కడ పెద్దవాళ్ళ సినిమాలకి సెన్సారు 1969లోనే ఎత్తేశారు. కానీ యెన్స్ యోర్గెన్ తోర్సెన్ అనే ఆయన ఏసు మీద తీయబోయిన సినిమాకి డెబ్బయ్యవ దశకంలో ప్రభుత్వ సాయం దొరికినట్టే దొరికి ఆగిపోయింది. పోపు దాకా గోల చేశారు. చివరికి అడ్డం వేసిన చట్టం ఏమిటో తెలుసా? కాపీరైట్ చట్టం! సువార్తలు రాసినవాళ్ళ నైతిక హక్కులకి భంగమట. సినిమా బయటికొచ్చేసరికి 1992. సెన్సారు లేనిచోట డబ్బు సంచి మూతే సెన్సారవుతుందన్నమాట.

ఫ్రాన్సు పద్ధతిలో లోపాలు లేవని కాదు. సంఘంలో కూర్చునే పండితులకీ ఒక శిష్టాచారం ఉంటుంది. వాళ్ళకి నచ్చేలా కథ రాయడం ఒక విద్యవుతుంది. 2012 డిసెంబరులో విన్సెంట్ మరావల్ అనే డిస్ట్రిబ్యూటరు, ఈ రక్షణ వల్ల బాగుపడుతున్నది పెద్ద నటుల పారితోషికాలే అని లె మోంద్ పత్రికలో రాసి దుమారం లేపాడు. ఆ మాటలో పస ఉంది. అయినా సొంత మార్కెట్లో మూడో వంతుకి పైగా టిక్కెట్లు సొంత సినిమాలకే తెగుతున్న దేశం అది. యూరప్ లో చాలా దేశాలకి అది కల.

మన దగ్గరో? ఎస్.కె. పాటిల్ కమిటీ 1951లో సినిమాకి రుణసంస్థ కావాలంది. అది 1960లో వచ్చింది. మృణాల్ సేన్ 'భువన్ షోమ్' (1969) ఆ డబ్బుతోనే తీశాడు. 1980లో అది ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసింది. మంచి సినిమాలు పుట్టాయి గానీ వాటిని ఆడించే హాళ్ళు దొరకలేదు. మరోపక్క 2017లో జీఎస్టీలో కలిసేదాకా దశాబ్దాల తరబడి మనం టిక్కెట్టు మీద వినోదపు పన్ను కట్టాం. ఫ్రాన్సులో లాగా ఆ డబ్బంతా తిరిగి సినిమాలోకే వచ్చే కాలువ మాత్రం దేశమంతటికీ ఎవరూ తవ్వలేదు. దాని బదులు మనకున్నది పన్ను మినహాయింపు. 2015లో 'రుద్రమదేవి'కి తెలంగాణ మినహాయింపు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఇవ్వలేదు. 2017లో 'గౌతమిపుత్ర శాతకర్ణి'కి రెండూ ఇచ్చాయి. సినిమాల మంచిచెడ్డల మాట అటుంచండి. ఏ నియమం ప్రకారం ఇచ్చారు, ఏ నియమం ప్రకారం ఇవ్వలేదు? అడిగితే చెప్పేవాడు లేడు. ముఖ్యమంత్రిగారి దయ. దేవుడి దయ లాగే దీనికీ కారణం అడగకూడదు.

మా మిత్రుడికి ఇప్పుడు నా జవాబు ఇది. సినిమా పవిత్రం అని కాదు. గుడి అపవిత్రం అనీ కాదు. చూసేవాడి దగ్గరే తీసుకుని, రాసిపెట్టిన లెక్క ప్రకారం, పాలకుణ్ణి తిట్టేవాడికీ దేవుణ్ణి తిట్టేవాడికీ కూడా ఇచ్చేట్టయితే ఆ సాయం సమర్థనీయం. మంత్రి మనసు మీద ఆధారపడితే అది సాయం కాదు, ప్రసాదం. ప్రసాదం తీసుకున్నవాడు కళ్ళకద్దుకోక తప్పదు.

ఆయన ఒప్పుకుంటాడని నమ్మకం లేదు. వచ్చే సమావేశంలో చూద్దాం.