కమారో ఒంటిపట్టీ కథ

కార్ల చరిత్ర చదివేవాళ్ళు ఎక్కువగా ఇంజన్ల గురించే చదువుతారు. ఎన్ని హార్స్‌పవర్, క్వార్టర్ మైలు ఎన్ని సెకన్లలో... నాకు మాత్రం ఆ గుర్రాలన్నిటినీ భరించిన బండి గతి ఏమైందా అని ఉంటుంది. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి కదా, పాత బుద్ధులు ఎక్కడికి పోతాయి! అందుకే ఇవాళ షెవ్రొలే కమారో వెనక సస్పెన్షన్ గురించి.

1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చి అమెరికాలో దుమ్ము రేపింది. దానికి జవాబుగా జనరల్ మోటార్స్ 1966 సెప్టెంబరులో కమారోని దింపింది, 1967 మోడల్‌గా. దీని నిర్మాణం సగం సగం. ఇంజన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్ ముందు విడిగా ఉంటుంది, దాన్ని రబ్బరు బుష్‌ల మీద బాడీకి బోల్టులతో బిగిస్తారు. అక్కణ్ణించి వెనక్కి వేరే ఛాసిస్ లేదు. నేల రేకు, పక్క రేకులు, టాపు కలిసే బరువు మోస్తాయి. ఇక వెనక యాక్సిల్‌కి కమాన్‌పట్టీలు. మన లారీలకి కట్టలుకట్టలుగా ఉంటాయి చూడండి, దీనికి పక్కకి ఒక్కటే పట్టీ!

పిసినారితనం ఒక్కటే కాదండీ. ఒంటిపట్టీలో పట్టీల మధ్య రాపిడి ఉండదు, చప్పుడుండదు. 140 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల ఇంజన్‌కి అది బాగానే సరిపోతుంది. చిక్కల్లా అదే బండిలో 396 క్యూబిక్ అంగుళాల, 375 హార్స్‌పవర్ ఇంజన్ కూడా పెట్టి అమ్మడంతో వచ్చింది.

చక్రం ముందుకి తిరుగుతుంటే యాక్సిల్ గొట్టం వెనక్కి తిరగబోతుంది (న్యూటన్ మూడో సూత్రం, మరిచిపోలేదు కదా). దాన్ని ఆపాల్సింది ఆ పట్టీయే. గట్టిగా తొక్కగానే పట్టీ ఇంగ్లీషు 'ఎస్' అక్షరంలా వంకర తిరుగుతుంది, టైరు పట్టు జారుతుంది, పట్టీ తిరిగి కొడుతుంది, టైరుకి మళ్ళీ పట్టు దొరుకుతుంది, మళ్ళీ వంకర. వెనక భాగం గుర్రంలా ఎగురుతుంది. దీన్నే వీల్ హాప్ అంటారు.

కంపెనీ వేసిన మొదటి ప్యాచ్: 1967లో కొన్ని శక్తిమంతమైన మోడళ్ళకి కుడిపక్క ఒక రాడ్. రెండోది 1968లో: అలాంటి కార్లకి ఎక్కువ పట్టీల కట్ట, షాక్ అబ్జార్బర్లు ఒకటి యాక్సిల్‌కి ముందు, ఒకటి వెనక. రెండూ ఒకేవైపు ఉన్నప్పటికంటే ఇలా ఉంటే మెలికని బాగా అడ్డుకుంటాయి.

టాపు లేని కన్వర్టిబుల్ సంగతి ఇంకా తమాషా. కింద అదనపు రేకులు వేసినా వణుకు పూర్తిగా పోలేదు. అప్పుడు ఆ వణుకుని మింగడానికి బండి మూలల్లో డబ్బాల్లాంటి బరువులు పెట్టారు. వాటికి 'కాక్‌టెయిల్ షేకర్లు' అని ముద్దుపేరు! అలారం మోగుతుంటే వాల్యూమ్ తగ్గించినట్టన్నమాట.

తర్వాత పని కొనుక్కున్నవాళ్ళ మీద పడింది. వెనక పట్టు పెరిగితే బలం మాయమవదు, తర్వాతి బలహీనమైన చోటుకి పోతుంది, అంటే బాడీకి. అందుకని ముందు సబ్‌ఫ్రేమ్‌నీ వెనక రెయిల్స్‌నీ కలుపుతూ ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేయడం మొదలైంది: సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు. అందులోనూ కిటుకులున్నాయి. రబ్బరు బుష్‌లు ఉంచేసి కనెక్టర్లు వేస్తే ఒకటి కదలాలంటుంది, ఒకటి వద్దంటుంది. కాబట్టి బుష్‌లు తీసి గట్టి అల్యూమినియం దిమ్మలు వేసుకోవడం మేలు. వెల్డింగ్ చేసేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి. గాల్లోకి లేపి అతికిస్తే ఆ వంకర అలాగే ఉండిపోయి తలుపులు సరిగా పడవు.

ఒంటిపట్టీ వేసిన ఇంజనీర్లని వెక్కిరించేవాళ్ళున్నారు. నాకది అన్యాయమనిపిస్తుంది. వాళ్ళకిచ్చిన లోడ్‌కి ఆ పట్టీ సరైనదే. లోడ్ రెండున్నర రెట్లు దాటినప్పుడు, కింద లెక్కలు మళ్ళీ వేయకుండా పైన ఇంజన్ మార్చి అమ్మాలన్న నిర్ణయం ఎవరిదో, తప్పు వాళ్ళది. హార్స్‌పవర్‌ని బ్రోషర్‌లో అచ్చేసుకోవచ్చు, ఫ్రేమ్ గట్టిదనాన్ని ఎవడు చదువుతాడు? మన ప్రాజెక్టుల్లోనూ ఫీచర్‌కి చప్పట్లు, పునాదికి "తర్వాత చూద్దాం". ఆ 'తర్వాత' వచ్చేసరికి వెల్డింగ్ మెషీన్ పట్టుకుని బండి కింద పడుకునేది అమ్మినవాడు కాదు, కొన్నవాడు.