నీలానికి తోడైన ఎరుపు

1972 జనవరి. నార్త్ కరోలినాలోని లెవెల్ క్రాస్ అనే పల్లె నుంచి కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ రేసుకు బయల్దేరిన స్టాక్ కార్ రేసర్ రిచర్డ్ పెట్టీ దారిలో షికాగోలో ఆగాడు. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే ద్రావణం అమ్మే ఎస్‌టీపీ కంపెనీ అధిపతి ఆండీ గ్రానటెల్లీ అక్కడ అతనికోసం ఎదురుచూస్తున్నాడు. డబ్బు దగ్గర పేచీ రాలేదు, రంగు దగ్గరే వచ్చింది.

పెట్టీ కుటుంబం కారు నీలం. తెల్ల రంగు, ముదురు నీలం రెండూ కారంతటికీ చాలినంత లేక, ఉన్నవి కలిపేస్తే వచ్చిన లేత నీలమది. అవసరంకొద్దీ పుట్టిన ఆ రంగే ఇంటిపేరంత ముఖ్యమైపోయింది. ఎస్‌టీపీది కళ్లు చెదిరే ఎరుపు. 1969లో ఇండియనాపోలిస్‌లో రేసర్ మారియో ఆండ్రెట్టిని గెలిపించింది ఆ రంగు కారే. మొత్తం ఎర్రగా మార్చెయ్యమన్నాడు గ్రానటెల్లీ. కుదరదన్నాడు పెట్టీ. మరో 50,000 డాలర్లు ఇస్తానన్నా దిగిరాలేదు. చివరికి సగం నీలం, సగం ఎరుపుగా బేరం తెగింది. ఆ వెంటనే రివర్‌సైడ్‌లో గెలిచాడు.

అప్పటి పెట్టీ పరిస్థితి తెలిస్తే ఆ మొండితనం విలువ అర్థమవుతుంది. అంతవరకూ స్టాక్ కార్ రేసుల్లో పెద్ద జట్లను పోషించింది కార్ల కంపెనీలే. ఆదివారం గెలిచిన కారు సోమవారం షోరూంలో అమ్ముడుపోతుందని వాటి నమ్మకం. అప్పటిదాకా తాను నడిపిన ప్లిమత్ కంపెనీ కోరిన కారు ఇవ్వలేదని 1969లో పెట్టీ ఫోర్డ్‌కు వెళ్లిపోతే, మళ్లీ రప్పించుకోవడానికి ప్లిమత్ సూపర్‌బర్డ్ అనే రెక్క కారునే తయారుచేసింది. అలాంటి కంపెనీలు 1970, 71ల్లో చేతులెత్తేశాయి. 1971 ఛాంపియన్ అయిన పెట్టీకే టైర్లకూ ఇంజిన్లకూ డబ్బు వెతుక్కోవలసి వచ్చింది. అటువంటప్పుడు 50,000 డాలర్లు కాదనడం నా దృష్టిలో రేసు గెలవడంకన్నా గొప్ప.

ఆటకు మరో దారిలోనూ డబ్బు వచ్చింది. 1971 జనవరి 2 నుంచి అమెరికా టీవీల్లో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాయి. ప్రకటనలకని పెట్టుకున్న సొమ్ము సిగరెట్ కంపెనీ ఆర్.జె.రేనాల్డ్స్ దగ్గర మిగిలిపోయింది. తన కారుకు సాయం అడగడానికి వాళ్ల దగ్గరికి వెళ్లాడు రేసు జట్టు యజమాని జూనియర్ జాన్సన్. వాళ్ల దగ్గరున్నది ఒక్క కారుకు సరిపడే మొత్తం కాదు, అంతకు ఎన్నో రెట్లు. ఆ సంగతి తెలియగానే, ఈ రేసులు నిర్వహించే నాస్కార్‌తోనే మాట్లాడుకోమని వాళ్లకు చెప్పాడు. ఆ మాటతో, ఆ కంపెనీ సిగరెట్ బ్రాండ్ పేరుమీద విన్‌స్టన్ కప్ మొదలైంది. 1972లో 250 మైళ్లకు తక్కువ రేసులన్నీ తీసేశారు. ఏడాదికి 48 ఉన్నవి 31 అయ్యాయి. చిన్న ఊళ్ల చిన్న ట్రాకులు పెద్ద సిరీస్‌కు దూరమయ్యాయి. ఆ నష్టం చిన్నదేమీ కాదు.

పెట్టీ మాత్రం ఎంతవరకు అమ్మాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. తల్లికిచ్చిన మాట కోసం కారుమీద బీరు కంపెనీ స్టిక్కర్ అంటించనివ్వలేదు. 1984లో సొంత జట్టును విడిచి మైక్ కర్బ్ జట్టులో చేరినప్పుడు కూడా ఎస్‌టీపీ అతని వెంటే వెళ్లింది. ఆ ఏడు జూలై 4న డేటోనాలో, అధ్యక్షుడు రీగన్ చూస్తుండగా పెట్టీ తన 200వ విజయం సాధించాడు. ఆ రోజు కూడా అతని 43వ నంబరు కారుమీద ఎరుపు పక్కన నీలం ఉంది.